సవరణ: డీజిల్ కారు, బయోడీజిల్ గురించి నేను రాసిన పోస్టు

"డీజిల్ కారు మైలేజీ ఎక్కువ ఇస్తుంది కాబట్టి కాలుష్యం తక్కువ, బయోడీజిల్ కలిపితే ఆ కాస్త కాలుష్యమూ ఉండదు" అని మొన్నటి పోస్టులో రాశాను. రెండు మాటలూ తప్పే.

మైలేజీ వల్ల కిలోమీటరుకు వచ్చే కార్బన్ డయాక్సైడ్ కొంత తగ్గుతుంది. అంతవరకే నిజం. నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నటి మసి మాత్రం డీజిల్‌లోనే ఎక్కువ, ముఖ్యంగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (బండి పొగకు పెట్టిన కఠినమైన పరిమితులు) రాకముందు అమ్మిన బండ్లలో. డీజిల్ పొగ వల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. పైగా మన విశాఖ అటు యారాడ కొండ, ఇటు కైలాసగిరి మధ్య గిన్నెలా ఉన్న ఊరు. పొగ తొందరగా బయటికి పోదు. కాన్వెంట్ జంక్షన్‌లో పోర్టు లారీల వెనక స్కూటీ మీద అమ్మను పట్టుకుని కూర్చునే పిల్లల సంగతి ఆలోచించకుండా రాసేశాను. క్షమించండి.

బయోడీజిల్ అంటే నూనెలతో చేసి డీజిల్‌లో కలిపే ఇంధనం. దాని విషయానికొస్తే, హోటళ్లలో వాడేసిన నూనెతో చేస్తే మేలే. పామాయిల్‌తో చేస్తే ఇండోనేషియాలో తోటల కోసం నరికిన అడవిని కూడా లెక్కలో వేయాలి. మన ఇళ్లలో వంటకు వాడేదీ ఆ నూనే. బండికి ఎక్కువ పోస్తే మూకుడులోకి వచ్చేది ఖరీదవుతుంది.

పాత డీజిల్ కారు కొనాలనుకుంటున్నవాళ్లు నా మొదటి పోస్టును నమ్ముకుని అడ్వాన్సు ఇవ్వకండి.