ఊలు సవరం, నాకే టోపీ

పదకొండు నెలల పిల్లాడికి తిరుమలలో గుండు కొట్టించిన నాలుగో రోజున, ఆ గుండు మీద పెట్టడానికి ఊలుతో జుట్టు అల్లమని నాకు ఆర్డర్ వచ్చింది. ఇంకోసారి చదవండి, పర్లేదు. మా మరదలు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ నేనూ మూడుసార్లు చదివా.

మొక్కు ఉంది, తీర్చారు, అందులో నాకేం పేచీ లేదు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే వాడు ఏడుకొండలూ వినేలా ఏడ్చాడు, నల్లటి ఒత్తు జుట్టు స్వామికి ఇచ్చేశారు. కల్యాణకట్టలో పోగైన జుట్టుని టీటీడీ వాళ్ళు పొడుగుని బట్టి గ్రేడ్లు చేసి ఈ-వేలం వేస్తారు, అది విదేశాలకెళ్ళి విగ్గులవుతుంది (మావాడి బెత్తెడు వెంట్రుకలు అన్నిటికంటే కింది గ్రేడుకే వచ్చుంటాయి, అది వేరే సంగతి). అంటే మన అసలు జుట్టు ఓడెక్కి ఎవరో తెల్లావిడ నెత్తి మీదకి పోతుంది, ఆవిడ దేశం నుంచి వచ్చిన ఫొటో చూసి మనం ప్లాస్టిక్ జుట్టు అల్లుకుని మన పిల్లాడి గుండు మీద పెడతాం. అంతర్జాతీయ వాణిజ్యం అంటే ఇదే కాబోలు.

ఇంతకీ ఆ ఫొటో. ఆరెంజ్ రంగు ఊలు జుట్టు, నుదుటి మీద కత్తిరించిన ముంగురులు, అటొకటి ఇటొకటి రెండు జడలు, జడలకి రిబ్బన్లు. అది క్యాబేజ్ ప్యాచ్ బొమ్మల జుట్టు. 1983 క్రిస్మస్‌కి అమెరికాలో ఆ బొమ్మల కోసం షాపుల్లో జనం తోసుకుని కొట్టుకున్నారు, ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యి ఇప్పుడు వాళ్ళ పిల్లల నెత్తిన ఆ జుట్టు పెట్టుకుని మురిసిపోతున్నారు. వాళ్ళ చలి వాళ్ళది, వాళ్ళ చిన్నతనం వాళ్ళది. కూకట్‌పల్లిలో మనకేంటి?

"మగపిల్లాడికి రెండు జడలేంటే?" అన్నా.

"క్యూట్‌గా ఉంటుంది వదినా. బర్త్‌డే థీమ్ వింటర్ వండర్‌ల్యాండ్."

మే నెల. హైదరాబాద్. బయట 42 డిగ్రీలు.

"టీవీ చూస్తా అల్లేస్తావుగా, నీకు టైంపాస్ కూడాను."

ఈ టైంపాస్ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఇక శాస్త్ర విషయానికొద్దాం. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందన్నారు, జుట్టు లేనివాడికి ఎవరు పెట్టాలో మన పెద్దలు చెప్పలేదు, ఇప్పుడు తెలిసింది, మేనత్త పెట్టాలి. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ తలకొలత కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువే అల్లాలి. 48 అని కొలత పంపారు, 88 కుట్లు వేసుకుని అంచంతా రెండు సీదా రెండు ఉల్టా అల్లి, పైకి సగం దాకా వచ్చాక ఎందుకో అనుమానమొచ్చి ఫోన్ చేస్తే, ఆ కొలత గుండుకి ముందుదట. జుట్టుతో సహా కొలిచారు! ఇప్పుడు 46. మొత్తం ఊడదీసి 84తో మళ్ళీ మొదలుపెట్టా. నాలుగు కుట్లే కదా అనకండి, ఆ నాలుగు కుట్లు వదిలేస్తే టోపీ పిల్లాడి ముక్కు మీదకొచ్చి కూర్చుంటుంది.

జుట్టు సంగతి ఇంకా ఉంది. ఇంట్లో పడున్న పెళ్ళి శుభలేఖ ఒకటి తీసుకుని, ఇరవై సెంటీమీటర్ల పొడుగుంది అది, దాని చుట్టూ ఊలు చుట్టి ఒక అంచున కత్తిరిస్తే అన్నీ సమానంగా నలభై సెంటీమీటర్ల పోగులొస్తాయి. ఒక్కో పోగుని మధ్యకి మడిచి, క్రోషియా సూదితో కుట్టులోంచి లాగి, ఆ చివర్లని ఉచ్చులోంచి దూర్చి బిగిస్తే ఒక ముడి, రెండు వెంట్రుకలు. అట్లాంటివి 312 ముళ్ళు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడం అని ఊరికే అంటుంటాం గానీ, పెట్టి చూసినదాన్ని నేను. చివరికి తూకం వేస్తే టోపీ కంటే జుట్టే బరువు. అన్నట్టు, ఊలు అంటున్నాం కదాని గొర్రెని అనుమానించకండి, మన షాపుల్లో దొరికే "ఊలు" చాలావరకు అక్రిలిక్, అంటే ప్లాస్టిక్, అది ఏ జన్మలోనూ గొర్రె మొహం చూసి ఉండదు. ఈ మొత్తం కథలో గొర్రె ఎవరంటే...

సరే, ఫంక్షన్ హాలు. లోపలంతా థర్మోకోల్ మంచు, దూది మంచు, చెమటకి ఆ దూది ఆడవాళ్ళ పట్టుచీరలకి అంటుకుంటోంది. గుమ్మం దగ్గర తెల్ల ఎలుగుబంటి వేషంలో ఒక కుర్రాడు అందరికీ చేతులూపుతున్నాడు, గంటకోసారి జనరేటర్ వెనక్కెళ్ళి ఎలుగుబంటి తలకాయ తీసి పక్కన పెట్టి రొప్పుతూ కూర్చుంటున్నాడు, నేను మజ్జిగ తెచ్చిస్తే గ్లాసు కింద పెట్టకుండా తాగాడు. స్టేజీ మీద మా పిల్లాడు. నుదుటిన దిష్టిచుక్క, ఒంటికి బొచ్చు కోటు, నెత్తిన నా 312 ముళ్ళు. పెట్టిన ఏడు సెకన్లకి పీకి పారేశాడు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పీకాడు. మూడోసారి ఒక జడ నోట్లో పెట్టుకుని శ్రద్ధగా నమలడం మొదలుపెట్టాడు, ఆ ఫంక్షన్లో ఆ టోపీ ఎవరికైనా ఉపయోగపడిందంటే అదొక్క నిమిషమే. ఫొటోగ్రాఫర్ "మేడం, హెయిర్‌లో మూమెంట్ రావట్లేదు" అని టేబుల్ ఫ్యాన్ పెట్టించాడు, జుట్టు లేచింది, దూది మంచూ లేచింది, పిల్లాడు తుమ్మాడు, మా నాన్న "శతాయుష్షు" అన్నాడు, వాడు ఏడుపందుకున్నాడు, "స్మైల్ కన్నా, స్మైల్" అని పదిమంది ఒకేసారి అరిచారు. చివరికి ఫొటోగ్రాఫర్ ఎంతో దయగా అన్నాడు కదా, "వదిలేయండి మేడం, టోపీ ఏఐలో పెట్టేద్దాం."

పెట్టేశారు. రెండ్రోజులకి వచ్చిన ఫొటోలో మావాడు నవ్వుతున్నాడు, నెత్తిన బంగారు రంగు రింగుల జుట్టు టోపీ, ఒక్క ముడి నాది కాదు, రంగు కూడా నాది కాదు. కింద మాత్రం "అత్త ప్రేమగా తన చేత్తో అల్లింది" అని రాసి రెండు గుండె బొమ్మలు. అసలుది డైపర్ల సంచిలో అడుగున దొరికింది.

ఊలు జుట్టు మీద నాకు పగేం లేదండీ. అలాస్కాలో హాలీ క్రిస్టెన్సన్ అనే నర్సు 2014లో స్నేహితురాలి పాపకి క్యాన్సరొస్తే ఊలుతో పొడుగాటి రాకుమారి జడ అల్లి పంపింది, కీమోతో జుట్టు ఊడిన పిల్లల తల చర్మం సున్నితంగా అయిపోయి మామూలు విగ్గు గుచ్చుకుంటుంది కాబట్టి మెత్తటి ఊలు, తర్వాత వందల మంది వాలంటీర్లు చేరి అట్లాంటివి పంచారు. అది జుట్టు అంటే. మనది దూది మంచులో ఏడు సెకన్లు. పైగా ఊడిన పోగు పసివాళ్ళ వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, దానికి డాక్టర్లు హెయిర్ టూర్నికే అని పేరు కూడా పెట్టారు. నేను ఒక్కో ముడీ రెండుసార్లు లాగి చూసింది అందుకే, అది మాత్రం ఏ ఫొటోలోనూ పడదు.

ఇప్పుడు టైంపాస్ దగ్గరికొద్దాం.

మాది నరసాపురం వైపు. మా అమ్మమ్మ లేసు అల్లేది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషియా పని, ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వేలమంది ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లుతూనే ఉన్నారు, విడి ముక్కలు అల్లేవాళ్ళు వేరే, వాటిని కలిపే అతుకుపని వాళ్ళు వేరే. ఆ లేసు విదేశాలకి పోతుంది, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు ఇదీ అని సర్కారు వేసే ముద్ర) కూడా వచ్చింది, ఫొటోలు దిగారు. మరియా మీస్ అని ఒక జర్మన్ ఆవిడ అక్కడికొచ్చి వీళ్ళ మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం వేసింది. ఆవిడ తేల్చిందేంటంటే, వీళ్ళని ఎవరూ పనివాళ్ళ కింద లెక్కేయరు, "ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళు, తీరిక వేళ ఏదో అల్లుకుంటారు" అంటారు, ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని కూలీ ఇవ్వాల్సిన చోట చిల్లర ఇస్తారు. ఖాళీ! తెల్లారి నాలుగింటికి లేచి, పేడకళ్ళు ఎత్తి, పదిమందికి వండి, మిగిలిన గంటల్లో కిరసనాయిలు దీపం దగ్గర కళ్ళు పోగొట్టుకున్న మనిషిది తీరికట! మా అమ్మమ్మ చూపుడు వేలికి సూది ఒరిసిన గాడి పడి చచ్చిపోయేదాకా పోలేదు. ఆవిడ అల్లిన లేసు ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఎవడికీ తెలీదు, ఏజెంటుకి మాత్రం డాబా లేచింది. టైంపాస్ ఎవరికిరా? అదే పనిని సూటు వేసుకున్నవాడు కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తే ఉద్యోగం, చీర కట్టుకున్నావిడ అరుగు మీద చేస్తే హాబీ.

సరే. నీళ్ళు తాగొచ్చా.

నిన్న మరదలి ఫ్రెండ్ ఒకావిడ మెసేజ్ పెట్టింది. ఆ ఏఐ ఫొటో చూసిందట, చాలా నచ్చిందట. "అక్కా మాకు ట్విన్స్, రెండు కావాలి, ఊలు డబ్బులు మేమే ఇచ్చేస్తాం, మీరు ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా."

నేనూ వేలంపాట పద్ధతిలోనే రేటు పంపా. వెంట్రుక రూపాయి. ముడికి రెండు వెంట్రుకలు, టోపీకి 312 ముళ్ళు, 624 రూపాయలు. టోపీ అల్లినందుకు వేరే, కొలత తప్పిస్తే ఊడదీసినందుకు వేరే, జడలకి వేరే.

బ్లూ టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. పది నిమిషాలకి రిప్లై.

"అక్కా, గుండు టోపీ అయితే ఎంత?"