పది లక్షల సార్లు పాసైతే కోడ్ కరెక్టేనా?

ఈ వారం మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకే ఫార్వర్డ్ మూడుసార్లు వచ్చింది. అమీర్‌పేట కోచింగ్ గ్రూపుల నుంచి గచ్చిబౌలి టీముల దాకా తిరుగుతున్నట్టుంది. అందులో ఉన్నది ఇంతే: "మల్టీ థ్రెడింగ్ బగ్స్‌కి మ్యాథ్స్ అక్కర్లేదు. ఒకటి, పది లక్షల సార్లు లోడ్ టెస్ట్ పాసైతే కోడ్ కరెక్టే. రెండు, లైన్ లైన్ శ్రద్ధగా చదివితే తప్పు దొరుకుతుంది. మూడు, రుజువులు పీహెచ్‌డీ వాళ్ల కాలక్షేపం, కంపెనీల్లో ఎవరూ వాడరు. నాలుగు, ఆ రీసెర్చ్ కూడా ఎనభైల్లోనే అయిపోయింది, ఇప్పుడు టూల్‌లో బటన్ నొక్కడమే."

ఎవరూ వాడకపోతే ఆ బటన్ నొక్కేది ఎవరో మరి! మల్టీ థ్రెడింగ్ అంటే ఒకే ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు అనే పనులు కొన్ని ఒకేసారి నడవడం. రుజువు అంటే అవి ఏ వరసలో నడిచినా తప్పు రాదని గణితంతో చూపడం. సరే, వరసగా చూద్దాం.

మొదటిది. సంక్రాంతికి రాజమండ్రి బస్సులో ఒక్క సీటే మిగిలింది. కూకట్‌పల్లిలో ఒకరు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరు ఒకేసారి బుక్ చేస్తున్నారు. ప్రోగ్రామ్ చేసేది రెండు పనులు: సీటు ఖాళీగా ఉందా అని చూడటం, ఉంటే పేరు రాయడం. ఆ రెంటికీ మధ్య ఇంకొకరు దూరితే సీటు ఇద్దరికీ అమ్ముడైపోతుంది. ఒక్కొక్కటి 10 అడుగులు వేసే రెండు థ్రెడ్లు 1,84,756 వరసల్లో కలిసి నడవగలవు. అలాంటి మూడోది చేరితే ఆ లెక్క సుమారు 5.55 లక్షల కోట్లు. మీ పది లక్షల రన్‌లు అందులో ఏ మూలకు? పైగా అదే మెషిన్ మీద అదే లోడ్ పెడితే తిరిగి తిరిగి దాదాపు అవే వరసలు వస్తుంటాయి.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య భాగంలో, కెనడాలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. మొదలైంది చెట్లకు తగిలిన లైన్ల దగ్గర. కానీ ఒహాయో కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ ఒక రేస్ కండిషన్ (ఇలా ఒక పని మధ్యలో ఇంకొకటి దూరడంతో వచ్చే తప్పు) వల్ల చప్పుడు లేకుండా ఆగిపోయింది. అలారం మోగడం లేదు కదా, అంతా బాగానే ఉందనుకున్నారు అక్కడివాళ్లు. ఆ సాఫ్ట్‌వేర్ అప్పటికే 30 లక్షల గంటలకు పైగా నడిచిందనీ, ఈ తప్పు ఎప్పుడూ బయటపడలేదనీ తయారీదారులే చెప్పారు. పది లక్షల రన్‌లు కాదండీ, 30 లక్షల గంటలు!

రెండోది నాకు ఇష్టమైన తప్పు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. ఎక్స్, వై అని మెమరీలో రెండు చోట్లు, మొదట రెంటిలోనూ సున్నా. ఒక థ్రెడ్ ఎక్స్‌లో 1 రాసి, వై చదువుతుంది. రెండోది వైలో 1 రాసి, ఎక్స్ చదువుతుంది. లైన్ లైన్ చదివి చూడండి, ఏ వరసలో నడిచినా కనీసం ఒకరికి 1 కనపడి తీరాలి. కానీ మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద ఇద్దరికీ సున్నా రావచ్చు. రాసిన విలువ మెమరీకి చేరేముందు ఆ థ్రెడ్‌ను నడిపే కోర్ (ప్రాసెసర్‌లో ఒక భాగం) సొంత బఫర్‌లో కాసేపు ఆగుతుంది, ఈలోపు చదవడం అయిపోతుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి ఒకే చోట దూరకుండా చూసే, పుస్తకాల్లో ఉండే పీటర్సన్ అల్గారిథమ్‌ను ఫెన్స్ (రాసింది మెమరీకి చేరేదాకా ఆగమనే ఆదేశం) లేకుండా ఉన్నదున్నట్టు రాస్తే పని చేయనిది ఇందుకే. కోడ్‌లో లేని వరసను చదివి ఎలా పట్టుకుంటారు?

మూడోదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అమెజాన్ 2011 నుంచి టీఎల్ఏ ప్లస్ (డిజైన్‌ను గణితంలో రాసి టూల్‌తో చెక్ చేసే భాష) వాడుతోంది. తన డేటాబేస్ డైనమోడీబీలో అలా దొరికిన ఒక బగ్ బయటపడాలంటే తక్కువలో తక్కువ 35 అడుగులు ఒకే వరసలో జరగాలి. రివ్యూలూ టెస్టులూ దాన్ని దాటేశాయి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షలు జరుపుకున్న, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్‌కు భద్రతలో పై స్థాయి అయిన సిల్-4 సర్టిఫికెట్ ఉంది. ఆ స్థాయి సాఫ్ట్‌వేర్‌కు యూరప్ రైల్వే ప్రమాణం ఈఎన్ 50128 గణిత పద్ధతులను గట్టిగా సిఫారసు చేసింది. కాలక్షేపానికి ఎవరూ ఆ మాట రాయరు.

ఇక నాలుగోది. ఇందులో సగం నిజం ఉంది. 'ఎప్పుడూ', 'ఎప్పటికైనా' లాంటి మాటలను గణితంగా రాసే కాల లాజిక్‌ను ప్రోగ్రామ్‌లకు వాడవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త ప్న్యూలీ చూపింది 1977లో. ప్రోగ్రామ్ చేరగల స్థితులన్నిటినీ టూలే వెతికి చూసే మోడల్ చెకింగ్ పుట్టింది ఎనభైల మొదట్లో, దానికి క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కానీ బటన్? రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలవడం) ఉన్న రెండు థ్రెడ్లు ఒకదానికోసం ఒకటి ఆగుతూ నడిస్తే, ఫలానా లైన్‌కు చేరతాయా అన్న ప్రశ్నకు అన్ని ప్రోగ్రామ్‌లకూ జవాబు చెప్పే టూల్ అసలు సాధ్యం కాదని పరిశోధకుడు రామలింగం 2000లో రుజువు చేశారు. ఒకేసారి నడిచే పనులకు ఇంకా సులువైన గణిత నమూనాలైన పెట్రీ నెట్‌లలో అలాంటి ప్రశ్నకు జవాబు దొరుకుతుందని 1981 నుంచి తెలుసు. అయితే దానికి పట్టే ఖర్చు, ఊహకందనంత త్వరగా పెరిగే అకర్‌మన్ ఫంక్షన్ వేగంతో పెరగక తప్పదని తేలింది 2021లో! కోడ్ రాసే భాషల నియమాలూ ఇంకా పూర్తి కాలేదు. సీ ప్లస్ ప్లస్‌లో ఎవరూ లెక్కించని విలువ గాల్లోంచి ఊడిపడకూడదని అందరూ ఒప్పుకుంటారు. కంపైలర్ల (కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే టూల్స్) చేతులు కట్టేయకుండా ఆ మాటను కచ్చితంగా రాసిన నియమం మాత్రం ప్రమాణంలోకి ఇంకా రాలేదు.

మనుషులే రుజువు రాస్తేనో? 2009లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ఎస్‌ఈఎల్4 కెర్నల్‌లో 8,700 లైన్ల సీ కోడ్‌కు సుమారు 2 లక్షల లైన్ల రుజువు రాశారు, అదీ ఒకే కోర్ మీద నడిచేదానికి. కోర్లు పెరిగితే ఎవరు ఎప్పుడు దేన్ని ముట్టుకోవచ్చో తెలిపే ఇన్వేరియంట్ (ఎప్పుడూ చెదరని షరతు) కావాలి. దాన్ని ఎక్కువసార్లు మనిషే కనిపెట్టాలి, కష్టమంతా అక్కడే. కాగితం మీది రుజువును నమ్మడానికీ లేదు. చాలా కంప్యూటర్లలో డేటా ఎక్కడుందో వెతికే, 2001లో వచ్చిన కార్డ్ ప్రోటోకాల్‌ను రుజువు చేయదగినదని చెప్పుకున్నారు. అందులో తప్పులున్నాయని పరిశోధకురాలు పమేలా జేవ్ 2012లో చిన్న మోడల్ కట్టి చూపించారు. రుజువైన మూడు డిస్ట్రిబ్యూటెడ్ (చాలా కంప్యూటర్ల మీద నడిచే) సిస్టమ్‌లను 2017లో పరిశీలిస్తే 16 బగ్‌లు దొరికాయి. రుజువు చేసిన ప్రోటోకాల్‌లో ఒక్కటీ లేదు. అవన్నీ దాని చుట్టూ ఉన్నవాటిలోనే: బయటి ప్రపంచం గురించి అనుకున్నవాటిలో, ప్రోగ్రామ్ ఏం చేయాలో చెప్పే షరతు రాసుకున్న తీరులో, రుజువుకు వాడిన టూల్స్‌లో.

షరతు రాయడం సులువనుకునేవాళ్లకు మళ్లీ ఆ బస్సు సీటే. "ఒక సీటు ఇద్దరికి అమ్మకూడదు" అని రాశారనుకోండి. ఒక్క టికెట్ కూడా అమ్మని ప్రోగ్రామ్ ఆ షరతును చక్కగా పాటిస్తుంది. మరి రెండో షరతు ఏం రాయాలని గ్రూపులో అడిగాను. ఇప్పటికి మూడు జవాబులొచ్చాయి, మూడూ మూడు రకాలు.