ఆఫ్రికా న్యూస్‌రూముల్లో వైకల్యం ఉన్న విలేకరుల కుర్చీ ఎక్కడ?

కెన్యాలో 2009 జనాభా లెక్కల ప్రకారం వైకల్యం ఉన్నవారు 3.5 శాతం. పదేళ్ల తర్వాత, 2019 లెక్కల్లో 2.2 శాతం. పైపైన చూస్తే మంచి వార్తే. కానీ ఈ పదేళ్లలో తగ్గింది వైకల్యం కాదు, మారింది లెక్క కట్టే తీరు. 2019లో చూపు, వినికిడి, నడక, జ్ఞాపకం, సొంత పనులు, మాట విషయంలో ఎంత కష్టపడుతున్నారని అడిగారు. ‘చాలా కష్టం’, ‘అసలు చేయలేను’ అన్నవారినే లెక్కలోకి తీసుకున్నారు. ‘కొంచెం కష్టం’ అన్నవారూ, ఐదేళ్లలోపు పిల్లలూ అందులో లేరు. ప్రపంచ జనాభాలో సుమారు 16 శాతం మందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దాని పక్కన 2.2 పెట్టి చూస్తే, ముందు ఆ ప్రశ్నాపత్రం తీసి చదవాలని ఏ విలేకరికైనా అనిపించాలి. ఇంటి గుమ్మంలో నిలబడి ఎన్యూమరేటర్ ప్రశ్న వేస్తే కుటుంబ పెద్ద ఏం చెబుతాడో, ఏం దాస్తాడో వైకల్యంతో పెరిగిన విలేకరికి విడమరచి చెప్పక్కర్లేదు. ఆ విలేకరి డెస్కులో ఉంటే వార్త శీర్షిక దగ్గరే ఆగిపోదు.

ఆఫ్రికా మీడియాలో వైకల్యం ఉన్న జర్నలిస్టుల చోటు గురించి మా వాదన ఇదే. వారిని తీసుకోవడం దానధర్మం కాదు, వార్త నాణ్యతకు సంబంధించిన సంగతి. వారు లేని న్యూస్‌రూములో వైకల్యం వార్త రెండు మూసల్లోనే పడుతుంది. ఒకటి, సాయం కోసం చేయి చాచిన దీనుడి ఫొటో. రెండోది, ‘విధిని జయించిన వీరుడి’ ఆదివారం కథనం. ఈ రెండింటి నడుమ ఉండాల్సిన బడ్జెట్లు, టెండర్లు, లైసెన్సులు, పింఛన్ల కోతలు ఎవరికీ పట్టవు.

అవి పట్టకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూసింది. గౌటెంగ్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఖర్చు తగ్గించుకోవడానికి లైఫ్ ఎసిడిమేని సంస్థతో ఒప్పందం రద్దు చేసుకుంది. 2016లో పదిహేడు వందల మందికి పైగా మానసిక రోగులను అక్కడి నుంచి స్వచ్ఛంద సంస్థలకు తరలించింది. సెప్టెంబరులో ఆ రాష్ట్ర ఆరోగ్య మంత్రి చెప్పిన మృతుల సంఖ్య 36. 2017 ఫిబ్రవరిలో, ఆరోగ్య రంగ ఫిర్యాదులు విచారించే హెల్త్ అంబుడ్స్‌మన్ నివేదిక దాన్ని 94 దాటించింది. వారిని చేర్చుకున్న 27 సంస్థల లైసెన్సులేవీ చెల్లవని కూడా తేల్చింది. మాజీ ఉప ప్రధాన న్యాయమూర్తి డిక్‌గాంగ్ మొసెనెకె ముందు విచారణ ముగిసేసరికి లెక్క 144కు చేరింది. ఇది వైకల్యం వార్తే. ఒప్పందం రద్దయిన రోజునే మొదటి పేజీలో ఉండాల్సిన వార్త.

కాగితం మీద ఆఫ్రికా వెనకబడి లేదు. ‘మేం లేకుండా మా గురించి ఏదీ వద్దు’ అన్న నినాదాన్ని ప్రపంచానికి వినిపించిన వారిలో దక్షిణాఫ్రికా వికలాంగుల ఉద్యమ నాయకులు ముందు వరుసలో ఉన్నారు. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక తన 8వ అధికరణంలో మీడియా చిత్రణ గురించి, 21వ అధికరణంలో సమాచార హక్కు గురించి స్పష్టంగా చెప్పింది. ఆఫ్రికన్ యూనియన్ 2018 జనవరిలో అడిస్ అబాబాలో సొంత ప్రోటోకాల్‌ను ఆమోదించింది. పదిహేను దేశాల ఆమోదం కూడి అది అమల్లోకి వచ్చేసరికి 2024 అయింది. కెన్యా 2010 రాజ్యాంగం ఆ దేశ సంజ్ఞా భాషను పార్లమెంటు అధికార భాషల్లో ఒకటిగా గుర్తించింది. జింబాబ్వే 2013 రాజ్యాంగంలోని 16 అధికార భాషల్లో సంజ్ఞా భాష ఉంది. దక్షిణాఫ్రికాలో 2023 జులై నుంచి అది 12వ అధికార భాష. వార్తా బులెటిన్లలో సంజ్ఞా భాష గానీ సబ్‌టైటిళ్లు గానీ ఉండాలని కెన్యా వికలాంగుల చట్టం 2003లోనే, 39వ సెక్షన్‌లో చెప్పింది. అయితే ప్రసారాల నిబంధనలు ఎక్కువగా చూసే ప్రేక్షకుడి గురించే మాట్లాడతాయి. ఆ వార్తను తయారుచేసే బల్ల దగ్గర ఎవరున్నారని అడగవు.

ఎందుకు అడగాలో 2013 డిసెంబరు 10న జొహన్నెస్‌బర్గ్ స్టేడియంలో లోకమంతా చూసింది. నెల్సన్ మండేలా సంతాప సభలో దేశాధ్యక్షుల పక్కన నిలబడిన అనువాదకుడి చేతి కదలికలకు అర్థమే లేదు. బధిర ప్రేక్షకులకు ఆ సంగతి క్షణాల్లో తెలిసిపోయింది. ప్రసారం మాత్రం గంటల తరబడి అలాగే సాగింది. మర్నాటికి అంతా ఆ ఒక్క మనిషి మీద పడ్డారు. ఏ కంట్రోల్ రూములోనైనా సంజ్ఞా భాష మాతృభాషగా ఉన్న ఎడిటర్ ఒక్కరున్నా ఏం జరిగేదన్న ప్రశ్న వెనక్కి పోయింది.

అలాంటి ఎడిటర్ ఉంటే మారేది కూర్పు. టీవీలో మనిషి మాట్లాడుతుండగా రెండు ముక్కలు అతకాల్సి వస్తే ఏం చేస్తాం? బైట్ (ఆ మనిషి మాట్లాడిన ముక్క) మీద వేరే విజువల్ వేస్తాం. మాట వినిపిస్తూనే ఉంటుంది, తెర మీద బజారో బడో కనిపిస్తుంది. చేతులతో మాట్లాడే మనిషి బైట్ మీద ఇదే పని చేస్తే అతని మాట అక్కడికి తెగిపోయినట్టే. పది సెకన్ల విజువల్ అంటే పది సెకన్ల మౌనం. కెమెరా ఫ్రేమ్ కూడా అంతే. మామూలు ఇంటర్వ్యూకు ముఖమూ భుజాలూ చాలు. ఇక్కడ నడుము నుంచి తలపైన జానెడు దాకా, రెండు పక్కలా మోచేతులు చాపినా తెగనంత ఖాళీ కావాలి. కనుబొమలు, పెదవులు ఆ భాషలో వ్యాకరణం కాబట్టి ముఖం మీద వెలుగు సమంగా పడాలి. దుస్తులు ఒంటిరంగుకు భిన్నంగా, గళ్లూ పూలూ లేకుండా ఉండాలి. తెర మూలన పెట్టే అనువాదకుల గడి మొత్తం తెరలో ఆరో వంతు కన్నా తగ్గితే వేళ్ల కదలిక అందదు. అంత ఇచ్చిన చానళ్లు కూడా బ్రేకింగ్ న్యూస్ రాగానే కింది స్క్రోలింగ్‌ను పైకి పెంచి, అనువాదకుల మణికట్టు దాకా కప్పేస్తుంటాయి. అనువాదకులు ఇరవై, ముప్పై నిమిషాలకోసారి మారాలి. ఒక్కరినే రెండు గంటల ప్రత్యక్ష ప్రసారానికి నిలబెడితే రెండో గంటలో తప్పులు మొదలవుతాయి. నైరోబీలో సంజ్ఞా భాషలో నడిచే సైన్స్ టీవీ (Signs TV) లాంటి చోట బధిర యాంకరే వార్త చదువుతారు, వినేవారి కోసం గొంతు జోడిస్తారు. అక్కడ ఆ మూల గడి అవసరమే లేదు, తెరంతా భాషే.

రేడియో సంగతి వేరు. ఆఫ్రికాలో నేటికీ పల్లె పల్లెకూ చేరే మాధ్యమం అది. చూపు లేని విలేకరులకు సహజంగా అమరాల్సిన చోటు. అయినా అక్కడా చిక్కులున్నాయి, చాలావాటికి పరిష్కారం చవకే. తెర మీది అక్షరాలను గొంతుతో చదివే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. అలాంటిదే అయిన ఎన్‌వీడీఏను 2006లో ఒక అంధ ప్రోగ్రామర్ ఆస్ట్రేలియాలో మొదలుపెట్టారు, తర్వాత మరో అంధ ప్రోగ్రామర్ చేయి కలిపారు. అది పూర్తిగా ఉచితం. ఆడియో కూర్పుకు రీపర్ అనే సాఫ్ట్‌వేర్, దానికి తోడు ఒసారా అనే ఉచిత జోడింపు ఉంటే కట్, ఫేడ్, మిక్స్ అన్నీ కీబోర్డు మీదే అయిపోతాయి. శబ్దం హద్దు దాటితే మీటర్ చూడక్కర్లేదు, అదే చెబుతుంది. బయట రికార్డింగుకు ఆడియో పరికరాల జూమ్ కంపెనీ (వీడియో కాల్స్ జూమ్ కాదు) 2024లో తెచ్చిన ‘ఎసెన్షియల్’ రికార్డర్లు మెనూను గొంతుతో చదువుతాయి. మరీ చిన్న, మరీ పెద్ద శబ్దాన్ని కూడా చెడకుండా పట్టే 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తాయి కాబట్టి లెవెల్ పెట్టుకునే బాధా లేదు.

మరి ఎక్కడ చెడుతుంది? స్టూడియో కంప్యూటర్‌లో ఒకే సౌండ్ కార్డు ఉంటుంది. పాటా, బైటూ, స్క్రీన్ రీడర్ గొంతూ అన్నీ దాంట్లోంచే మిక్సర్‌కు పోతాయి. యాంకర్ స్క్రిప్టు వరుస వెతుక్కుంటుంటే ఆ యంత్రపు గొంతు ప్రసారంలోకి వెళ్లిపోతుంది. ఒకసారి అలా జరిగితే చాలు, ‘వీళ్లతో లైవ్ కష్టం’ అని తేల్చేస్తారు. నిజానికి కావాల్సింది ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. స్క్రీన్ రీడర్‌ను దానికి మళ్లించి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సరిపోతుంది. పాత మిక్సర్ గుండీల మీద ఉబ్బెత్తు చుక్కలు అతికిస్తే వేలికి తెలుస్తాయి. దాని స్థానంలో కొత్తగా టచ్ స్క్రీన్ కన్సోల్ కొంటే మాత్రం పదేళ్లుగా చేస్తున్న ఉద్యోగి రాత్రికి రాత్రి పనికిరానివాడైపోతాడు. కొనుగోలు కమిటీలో ఎవరున్నారన్నది అందుకే ముఖ్యం.

భాష చిక్కు ఇంతకన్నా లోతైనది. నైజీరియాలో మాట్లాడే యోరుబా స్వరం మీద, అంటే గొంతు ఎత్తుపల్లాల మీద నడిచే భాష. ‘ఓకో’ అనే ఒకే మాట స్వరాన్ని బట్టి భర్త అవుతుంది, బండి అవుతుంది, పొలం దున్నే పార అవుతుంది. రాతలో ఆ స్వర గుర్తులు పెట్టే ఓపిక చాలామంది సబ్ ఎడిటర్లకు ఉండదు. కళ్లతో చదివేవారు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. అదే పాఠాన్ని ఇంగ్లిష్ గొంతున్న స్క్రీన్ రీడర్‌తో చదివిస్తే భర్తా బండీ ఒకటే. ఇక ప్రభుత్వ ప్రెస్‌నోట్లు వాట్సాప్‌లో కాగితం ఫొటోగా వస్తాయి. ఫొటో నుంచి అక్షరాలు తీసే సాధనాలు ఉన్నాయి. ఫొటో వంకరగా ఉంటే అవి ముందుగా తప్పేది పేర్లలో, అంకెల్లో. అంటే విలేకరి తప్పకూడని చోట్లలోనే.

పదాల ఎంపికలో కూడా వైకల్యం ఉన్నవారి మాటే చెల్లాలి. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో నామవాచకాలు తరగతులుగా ఉంటాయి. మనుషులకు ‘మ్-వా’ తరగతి. కుర్చీ, కత్తి, పుస్తకం లాంటి వస్తువులకు ‘కి-వి’ తరగతి. అంధుణ్ని చెప్పే ‘కిపోఫు’, బధిరుణ్ని చెప్పే ‘కిజీవి’, కుంటివాణ్ని చెప్పే ‘కివెటె’ మూడూ కి-వి రూపంలోనే ఉన్నాయి. మన వ్యాకరణంలో మనిషిని జంతువులకూ వస్తువులకూ వాడే అమహద్వాచకంలో కలిపినట్టు అనుకుంటే తెలుగువారికి ఆ నొప్పి అందుతుంది. అందుకే ఇప్పుడు ‘వైకల్యం ఉన్న మనిషి’ అనే అర్థంలో ‘మ్టు మ్వెన్యె ఉలెమావు’ అనే తీరు బాగా వాడుకలోకి వచ్చింది. టాంజానియా బధిరుల సంఘం మాత్రం తన పేరులో ‘విజీవి’ అనే మాటనే నిలబెట్టుకుంది. తమ భాష, తమ సమాజం గుర్తుగా ఆ మాట వారికి సొంతం. ఇంగ్లిష్ స్టైల్‌బుక్ అనువదించుకుని మార్చేసే సబ్ ఎడిటర్‌కు ఈ తేడా తెలియదు. పక్క కుర్చీలో బధిర సహోద్యోగి ఉంటే అడిగి తెలుసుకుంటాడు.

ఆ కుర్చీ దాకా రావడమే కష్టంగా ఉంది. విలేకరి ఉద్యోగ ప్రకటనలో డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి అని రాస్తే అంధులు అక్కడే ఆగిపోతారు. ఆ పనికి కావాల్సింది వేళకు చేరడం, బండి నడపడం కాదు. నైరోబీలో మటాటు అనే ప్రైవేటు మినీబస్సు ఎత్తైన మెట్లెక్కి, కదులుతుండగానే పట్టుకోవాల్సిన బండి. వీల్‌చైర్ వాడే విలేకరి రోజూ టాక్సీకి పెట్టే ఖర్చు, వార్తకు ఇంత అని ఇచ్చే చెల్లింపులో కరిగిపోతుంది. జీతగాళ్ల కన్నా స్ట్రింగర్ల మీదే నడిచే సంస్థల్లో ఈ భారం పూర్తిగా ఆ మనిషిదే. వైకల్యం ఉన్నవారిని నియమించుకుంటే వారి జీతంలో 25 శాతాన్ని, సదుపాయాలు కల్పిస్తే ఆ ఖర్చులో సగాన్ని పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చని కెన్యా 2003 చట్టంలోనే ఉండేది. చూపు లేని సెనేటర్ క్రిస్టల్ అసిగె తెచ్చిన బిల్లు 2025 మేలో దాని స్థానంలో చట్టమైంది. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న యజమానులు 5 శాతం ఉద్యోగాలు వైకల్యం ఉన్నవారికి కేటాయించాలని అది చెబుతోంది. మీడియా సంస్థలూ యజమానులే.

యాజమాన్యం చేతిలో ఉంటే దారి మారుతుందనడానికి నైజీరియాలోని ఇబాదాన్ ఉంది. రేడియోలో పనిచేస్తూ 1997లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్న యింకా అయెఫెలె వీల్‌చైర్‌లోనే గాయకుడిగా ఎదిగారు, తర్వాత ఫ్రెష్ ఎఫ్ఎం స్థాపించారు. 2018 ఆగస్టులో ఆ స్టేషన్ భవనంలో కొంత భాగాన్ని రాష్ట్ర ప్రభుత్వం కూల్చినప్పుడు అది దేశమంతటా వార్త అయింది. పత్రికా స్వేచ్ఛకు సంబంధించిన వార్తగా.

వైకల్యం ఉన్న విలేకరికి వైకల్యం బీట్ (విలేకరికి అప్పగించే వార్తల రంగం) మాత్రమే ఇవ్వడం కూడా తప్పేనని మా అభిప్రాయం. వారు కోర్టులు, క్రికెట్, చమురు ధరలు రాయాలి. వైకల్యం కోణం అప్పుడు ప్రతి బీట్‌లోకీ దానంతటదే వస్తుంది. ఎన్నికల వార్తలో పోలింగ్ కేంద్రం మెట్లు కనిపిస్తాయి, వరదల వార్తలో సైరన్ వినపడనివారు గుర్తొస్తారు.

ఆఫ్రికాకు చెబుతున్నామని మన ఇంటి సంగతి మరవడం లేదు. తెలుగు పత్రికల ఈ-పేపర్ పేజీలు ఎక్కువగా బొమ్మలు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని స్క్రీన్ రీడర్ అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా చదువుతుంది. అంధ పాఠకుడు ఈ సంపాదకీయం చదవాలన్నా ముందు అది యూనికోడ్‌లో ఉండాలి. ఏ సంస్థైనా మొదలుపెట్టడానికి పెద్ద పథకం అక్కర్లేదు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో, కెమెరాల పద్దు పక్కనే, సంజ్ఞా భాష అనువాదకులకూ సహాయకులకూ టాక్సీలకూ ఒక పద్దు. దాని మీద సంతకం పెట్టే అధికారం ఆ విలేకరి పనిచేసే డెస్కు ఇన్‌ఛార్జికే, సామాజిక బాధ్యత విభాగానికి కాదు.