కుకీలు తుడవాల్సింది మనమా, సైటు కట్టినవాళ్లా?

"క్యాచీ, కుకీస్ క్లియర్ చేసి మళ్లీ ట్రై చేయండి." రాజోలు నుంచి భీమవరం దాకా ఏ నెట్ సెంటర్‌కు వెళ్లినా, ఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా మొదట వినిపించే మాట ఇదే. పంట నమోదయిందో లేదో చూసుకుందామని వచ్చిన కౌలు రైతుకూ ఇదే చెబుతారు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి పాస్‌పోర్టు పని పెట్టుకున్న మనిషికీ, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే పిల్లకూ ఇదే. "ఆయ్, చేశానండీ, అయినా రావట్లేదు" అంటే, "ఆల్ టైమ్ పెట్టి చేశారా?" అని ఎదురు ప్రశ్న. తప్పంతా మనదే అన్నట్టు.

ఈ చిట్కా పనిచేయదని నేననను. చాలాసార్లు పనిచేస్తుంది. పనిచేస్తోంది కాబట్టే దాని వెనకున్న బద్ధకాన్ని ఎవరూ అడగడం లేదు.

కుకీల కథ పాతదే. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మోంటుల్లీ తయారుచేశాడు. మనల్ని మళ్లీ గుర్తుపట్టడానికి సైటు మన బ్రౌజర్‌లో రాసిపెట్టుకునే కొద్దిపాటి సమాచారం అది, ఒక్కోటి సుమారు నాలుగు కేబీలకు మించదు. తర్వాత లోకల్ స్టోరేజ్ లాంటివి వచ్చి ఆ జాగా పెరిగింది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. అందులో రాసింది సైటు. దానికి పేరు పెట్టిందీ, ఎన్నాళ్లుండాలో గడువు పెట్టిందీ సైటే. మనం కనీసం చూడను కూడా చూడలేదు.

మరి పాడయ్యేది ఎక్కడ? సాధారణంగా మూడు చోట్ల. సైటును అప్‌డేట్ చేస్తారు, పాత కుకీ కొత్త సర్వర్‌కు అర్థం కాదు. లేదా కుకీల మీద కుకీలు పెట్టుకుంటూ పోతారు, అన్నీ కలిసి సర్వర్ ఒప్పుకునే సైజు దాటిపోయి, పేజీ బదులు 400 అనే ఎర్రర్ వస్తుంది. లేదా పేజీని నడిపే పాత స్క్రిప్టు క్యాచీలో, అంటే బ్రౌజర్ దాచిపెట్టుకున్న నకళ్లలో, ఉండిపోయి కొత్త పేజీతో కలవదు. ఈ మూడింటిలో వాడేవాడి పాత్ర ఏముంది చెప్పండి? పాత కుకీని అదే పేరుతో, గడువు తీరిపోయిన తేదీ వేసి పంపితే బ్రౌజర్ దాన్ని తనే తీసేస్తుంది. అప్‌డేట్ చేసినప్పుడల్లా స్క్రిప్టు ఫైలు పేరు మారిస్తే పాతది వాడే ప్రశ్నే రాదు. వెబ్ పని నేర్చుకునే కుర్రాళ్లకు తెలిసిన సంగతులివి.

అంతకన్నా పెద్ద విషయం ఇంకోటుంది. క్లియర్-సైట్-డేటా అని ఒక హెడర్ ఉంది. సర్వర్ తన జవాబుతో పాటు ఆ ఒక్క లైను పంపితే చాలు, ఆ సైటు తాలూకు కుకీలు, స్టోరేజ్ అన్నీ బ్రౌజరే తుడిచేస్తుంది. మన చెయ్యి పడక్కర్లేదు, పక్క సైట్ల లాగిన్ల జోలికి పోదు. 2017లో క్రోమ్‌లోకి, 2018లో ఫైర్‌ఫాక్స్‌లోకి, 2023లో సఫారీలోకి వచ్చింది. ఒక్క లైను! ఆ లైను రాయడం మానేసి, లక్షలమంది చేత సెట్టింగుల్లోకి వెళ్లి వెతికించడం ఏం న్యాయం? కాలువలో గుర్రపుడెక్క పేరుకుని శివారు చేలకు నీళ్లందకపోతే, "నీ బోదె నువ్వు బాగు చేసుకో" అని రైతుకు చెప్పినట్టుంది.

పైగా ఊరికే పోయేదేమీ కాదు. ఆల్ టైమ్ పెట్టి అన్నీ కొట్టేస్తే బ్యాంకూ, మెయిలూ సహా అన్నిట్లోంచీ బయటికి వచ్చేస్తాం. సగం నింపిన ఫారం బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంటే అదీ గల్లంతే. ఆ పక్కనే ఉన్న పాస్‌వర్డ్‌ల టిక్కు కూడా పెట్టేస్తే ఇక చెప్పక్కర్లేదు. మళ్లీ లాగిన్ అవ్వాలంటే ఓటీపీ కావాలి. కోనసీమలో ఆ ఓటీపీ వెళ్లే నంబరు ఎవరి దగ్గరుంటుందో తెలుసుగా? మస్కట్‌లోనో దోహాలోనో డ్యూటీలో ఉన్న మనిషి దగ్గర. ఆయన రీఛార్జి చేయించక ఆ సిమ్ ఆగిపోయి ఉంటే నంబరు మార్పించడానికి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. తప్పనిసరైతే అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైటు డేటా మాత్రమే తీసేయొచ్చు. హెల్ప్‌లైన్‌లో ఆ ముక్క చెప్పేవాళ్లు ఎంతమంది?

నలుగురూ వాడే కంప్యూటర్‌లో తుడవకపోతే ప్రమాదం కదా అంటారు. నిజమే, నెట్ సెంటర్‌లో తుడవాల్సిందే. కానీ అక్కడ గెస్ట్ విండో తెరిస్తే మూసేయగానే కుకీలు వాటంతటవే పోతాయి. కుకీలు తుడిచినా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మన ఆధార్ పీడీఎఫ్ అలాగే కూర్చుని ఉంటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు లేరు. ఇక ప్రకటనల నిఘా అంటారా, సఫారీ 2020లోనే థర్డ్ పార్టీ కుకీలను, అంటే మనం తెరిచిన సైటు కాక వేరేవాళ్లు అందులోంచి పెట్టేవాటిని, ఆపేసింది, ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటువి ఆ సైటుకే విడగొట్టింది. ఆపేస్తామని 2020లో చెప్పిన గూగుల్ వాయిదాలు వేసీ వేసీ 2024లో ఆ మాటే వదిలేసింది. సెట్టింగుల్లో ఒకసారి బ్లాక్ చేస్తే తీరేదానికి రోజూ తుడుస్తూ కూర్చోవడమెందుకు?

అసలు నా బాధ కుకీల గురించి కాదు. డిజిటల్ పాలన పేరుతో యంత్రం లోపాలన్నీ మనిషి మీదికి నెట్టే అలవాటు గురించి. జీవితమంతా నాట్లేసి, కోతలు కోసిన ముసలమ్మ గీతలరిగిపోయిన వేలికి ముద్ర పడకపోతే "చెయ్యి కడుక్కుని రా" అంటారు. ఆమె కడుక్కుని వస్తుంది, చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, మళ్లీ పడదు. సర్వర్ డౌనయితే "మీ నెట్ స్లో". ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా పేరు పడితే, టైపు చేసినవాడు హాయిగా ఉంటాడు, అఫిడవిట్ తెచ్చుకోవాల్సింది ముసలాయన. పనిచేయకపోవడానికి కారణం ఎప్పుడూ కౌంటర్‌కు ఇవతలే ఉంటుంది. అందుకే డెల్టాలో ఊరూరా జిరాక్స్ షాపుల్లో ఆన్‌లైన్ పనులకు అంత గిరాకీ. దళారీ పోతాడని చెప్పి తెచ్చిన వ్యవస్థ ఇది. దళారీ పోలేదు, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. డేటా సేకరించేవాళ్లు పాటించాల్సిన ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. ఈలోగా ఎన్నో పోర్టళ్లకు కొత్త టెండర్లు పిలుస్తారు, పాతవాటిని మారుస్తారు. లాగౌట్ నొక్కగానే సైటు తన డేటాను తనే తుడుచుకోవాలి, అప్‌డేట్ వల్ల లాగిన్ ఆగిపోతే కాంట్రాక్టరు బిల్లులో కోత పడాలి. ఆ షరతులు ఆ టెండర్లలోనే రాయాలి. ఇలాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో నెలనెలా బయటపెట్టాలి. అప్పుడు కుకీలు ఎవరు తుడవాలో కాంట్రాక్టరుకు వేరే చెప్పక్కర్లేదు.