ముందు వేడి సంగతి చూడండి

"ఎల్‌ఈడీ వేడెక్కదు" అనే మాటను ఇంకా ఎన్నాళ్లు నమ్ముతాం? హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో 9 వాట్ల విడి బోర్డు, అంటే ఎల్‌ఈడీ చిప్‌లు బిగించిన పలక, కొనే కుర్రవాడు ఈ మాట నమ్మే కొంటున్నాడు. వీడియోలు చేసేవారూ అదే చెబుతున్నారు: బోర్డుకు రెండు వైర్లు సోల్డర్ చేయండి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించండి, కరెంటు ఇవ్వండి, లైటు వెలుగుతుంది. వెలుగుతుంది, కాదనను. వెలిగిన తరువాత ఏమవుతుందో మాత్రం ఎవరూ చూపించరు. ఇంట్లో లైటు చేసుకోవడం వద్దని నేను అనను. మా ఇంట్లో వెలిగే లైట్లలో చాలావరకు నా చేతి మీద తయారైనవే. అందుకే ఈ నిర్లక్ష్యం చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

పాత ఫిలమెంట్ బల్బు తన వేడిలో ఎక్కువ భాగాన్ని పరారుణ కిరణాలుగా ముందుకే వదిలేసేది. కింద చేయి పెడితే తెలిసేది. ఎల్‌ఈడీకి ఆ దారి లేదు. దాని వెలుగు చల్లగానే ఉంటుంది, వేడి మాత్రం వెనుక వైపు మిగిలిపోతుంది. 10 వాట్లు ఇస్తే అందులో వెలుగుగా మారేది మూడు వాట్లు, మంచి చిప్ అయితే నాలుగు. మిగతాదంతా గోరంత చోటులో పుట్టే వేడి. అది వెనుక ఉన్న అల్యూమినియం పలకలోకి పాకి, అక్కడి నుంచి గాలిలో కలవాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా చిప్ కాలిపోవలసిందే. పాడైన బల్బు విప్పితే పసుపు చిప్ మధ్య కనిపించే నల్లటి చుక్క అదే. చిప్‌లన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. మన రిపేరు వాళ్లు ఆ ఒక్క చిప్ మీద సోల్డర్ వేసి దారి కలిపేస్తారు. లైటు మళ్లీ వెలుగుతుంది. కానీ పోయిన చిప్ తీసుకోవలసిన వోల్టేజీ ఇప్పుడు బోర్డు మీద కరెంటును అదుపు చేసే డ్రైవర్ ఐసీ నెత్తిన పడుతుంది, అది ఇంకా వేడెక్కుతుంది.

ఇక మన ఊరి లెక్క చూడండి. చిప్ తయారీదారులు ఇచ్చే అంకెలు చాలావరకు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో హైదరాబాద్‌లో బయటే 40 దాటుతుంది. పై అంతస్తు ఇంట్లో, రోజంతా ఎండ తాగిన స్లాబుకు, ఫాల్స్ సీలింగుకు మధ్య ఉన్న గాలి 45 డిగ్రీలు ఉందనుకోండి. మీ హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) ఒక్కో వాటు వేడికి 5 డిగ్రీలు పెరిగే రకమైతే, ఏడు వాట్లకు 35 డిగ్రీలు పెరుగుతుంది. 45కు 35 కలిపితే 80. చిప్ లోపల ఇంకా ఎక్కువ. ఇది మంచి హీట్‌సింక్ ఉన్నప్పటి మాట. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో ఆ 5 డిగ్రీలు 15 అయితే పెరుగుదల 105 డిగ్రీలు. జనవరి రాత్రి ప్రయత్నించి "బాగానే ఉంది" అనుకున్న లైటు మేలో ఎందుకు పోతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

దీనికి నాకు తెలిసిన అతి మంచి మందు కరెంటు తగ్గించడం. 20 వాట్ల పెద్ద చిప్ తీసుకుని, అదే వోల్టేజీకి సరిపోయే 10 వాట్ల విడి డ్రైవర్‌తో నడపండి. కరెంటు తగ్గితే ఎల్‌ఈడీ సామర్థ్యం పెరుగుతుంది, అంటే వెలుగు సగానికి పడిపోదు, సగం కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. వేడి మాత్రం సగం కన్నా తగ్గుతుంది. వెలుగు చాలకపోతే ఇంకో చిప్ పెట్టుకోండి. ఒక్క చిప్‌నే పీల్చి పిప్పి చేయడం కన్నా ఎంతో నయం. చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు కూడా మందంగా పూయకండి. రెండు లోహాల మధ్య సన్నని గీతల్లో ఉన్న గాలిని తరిమేయడమే దాని పని, మందంగా పూస్తే అదే దుప్పటి అవుతుంది. హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండాలి, వేడి గాలి పైకి పోవడానికి దారి ఉండాలి.

డ్రైవర్‌ను చిప్ వెనుకే ఇరికించడం ఇంకో పొరపాటు. ముందు పోయేది తరచుగా చిప్ కాదు, డ్రైవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్ 75 దగ్గర 16,000 గంటల దాకా వస్తుంది. డ్రైవర్‌ను జానెడు దూరం జరపడానికి మీకు ఖర్చయ్యేది కాస్త వైరు.

కానీ నాకు అసలు కోపం తెప్పించేది వేడి కాదు, షాక్. ఆ చవక బోర్డుల్లో 230 వోల్టులు నేరుగా చిప్‌ల వరుసకే వస్తాయి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 230 అంటే శిఖరం దగ్గర 325 వోల్టులు. కరెంటు నడిచే రాగి గీతలకూ వెనుక అల్యూమినియం పలకకూ మధ్య ఉన్న పొర మిల్లీమీటరులో పదో వంతు మందం. వేడి బాగా పోవాలని దాన్ని అంత పలచగా చేశారు. ఆ పలకను ఇనుప స్క్రూతో అల్యూమినియం ఛానెల్‌కు బిగిస్తే, స్క్రూ తల ఒక గీతకు ఆనితే చాలు, ఛానెల్ మొత్తానికి కరెంటు వస్తుంది. దాన్ని వంటింట్లో తడి చేత్తో తుడిచేది మీ అమ్మగారు. స్విచ్ ఆపేశాం కదా అంటారు. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. అక్కడ స్విచ్ ఆపినా బోర్డులో ఫేజ్, అంటే షాక్ కొట్టే కరెంటు, ఉంటుంది. బోర్డు వేడి కొలవడానికి మల్టీమీటర్ థర్మోకపుల్ ఆనించేవారు కూడా జాగ్రత్త, ఆ తీగ వెంట ఫేజ్ మీటర్ దాకా వస్తుంది.

దుకాణంలో దొరికే బల్బుకు ఐఎస్ 16102 అనే భద్రతా ప్రమాణం ఉంది. విడి బోర్డు కొన్నప్పుడు ఆ భద్రత మొత్తం మీ బాధ్యతే. ఐసొలేటెడ్ డ్రైవర్, అంటే ఇంటి కరెంటుకూ చిప్‌లకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, కొనండి, ధరలో తేడా మహా అయితే ఒక పూట టిఫిన్ ఖర్చు. లోహపు ఛానెల్‌కు ఆకుపచ్చ ఎర్త్ వైరు తప్పనిసరిగా బిగించండి, ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఫేజ్ మీద ఫ్యూజు వేయండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే లైటు పని ఆపి ముందు అది పెట్టించండి.

వీడియోలు చేసే మిత్రులకు నా విన్నపం: ఆ లైటును మూత బిగించిన డబ్బాలో రెండు గంటలు వెలగనిచ్చి, ప్లగ్గు తీసి, లోపల ఎన్ని డిగ్రీలు ఉందో కెమెరా ముందు కొలిచి చూపించండి. గుజరాతీ గల్లీ దుకాణదారులు కూడా బోర్డు ఇచ్చే కవరు మీద "వెనుక పలకను తాకవద్దు, డబ్బాలో మూయవద్దు" అని తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించాలి.