"ఆయన దేవుడు కదా, ఆయనకేం కష్టం" అనకండి

ఈస్టర్‌కు ముందు శ్రమల దినాలు వచ్చాయంటే తిరుపతి, చిత్తూరు చర్చిల్లో మత్తయి సువార్త 4వ అధ్యాయం మీద ఒక ప్రసంగమైనా వినిపిస్తుంది. అరణ్యంలో యేసు, 40 రోజుల ఉపవాసం, తప్పు దారికి లాగాలని సాతాను పెట్టిన మూడు శోధనలు, మూడింటికీ బైబిల్లోని ద్వితీయోపదేశకాండం నుంచే జవాబు. చివరికి అదంతా ఒక చిట్కాగా మిగులుతుంది: వాక్యం కంఠతా వస్తే సాతాను పారిపోతాడు. వినేవాళ్లు మాత్రం "ఆయన దేవుడు కదా, ఆయనకేం కష్టం" అనుకుని ఇంటికెళ్తారు. భక్తితోనే అనుకుంటారు, కానీ ఆ మాటతో రక్షణ బోధలో, అంటే పాపం నుంచి మనకు విడుదల ఎలా వచ్చిందన్న బోధలో, సగం పోతుంది.

రాళ్లను రొట్టెలు చేసుకోమనడంలో దొంగతనం లేదు, ఎవరికీ హాని లేదు. తండ్రి ఇచ్చేదాకా ఆగకుండా సొంత శక్తితో ఆకలి తీర్చుకోమనడం, అంతే. అందుకే అది అంత గట్టి శోధన. ఆదాము తోటలో అన్నీ ఉండగా తప్పాడు, యేసు ఎడారిలో ఏమీ లేకుండా నిలబడ్డాడు. ఒకడి అవిధేయతతో అనేకులు పాపులైతే, ఒకడి విధేయతతో అనేకులు నీతిమంతులవుతారని రోమా 5:19లో అపొస్తలుడు పౌలు అన్నది దీని గురించే. అంటే సిలువ ఒక్కటే కాదు, సిలువ దాకా ఆయన బతికిన ప్రతి రోజూ మన రక్షణలో భాగమే.

పాపమే చేయనివాడికి శోధన బరువు ఎలా తెలుస్తుందని కొందరు అడుగుతారు. నిజానికి ఆయనకే పూర్తిగా తెలుసు. అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం దగ్గరే వెనక్కి తిరిగినవాడికి మోకాళ్ల పర్వతం నొప్పి తెలియదు కదా! మనం మధ్యలోనే లొంగిపోతాం, ఆ పైన ఎంత బరువుందో మనకు తెలిసే అవకాశమే లేదు.

యేసు నిజంగా మనిషిగానే లోబడ్డాడన్న ఈ మాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. క్రీస్తుకు ఒకే చిత్తం (సంకల్పం) ఉందని 7వ శతాబ్దంలో బైజాంటియం చక్రవర్తులు ఒప్పించాలని చూస్తే, మాక్సిమస్ అనే సన్యాసి ఒప్పుకోలేదు. మానవ చిత్తమే లేకపోతే సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు "నా ఇష్టం కాదు, నీ చిత్తమే" అని తండ్రికి చేసిన ప్రార్థనకు అర్థమేముంది? మాక్సిమస్ నాలుక, కుడిచెయ్యి నరికి దేశం నుంచి వెళ్లగొట్టారు, 662లో ఆ ప్రవాసంలోనే చనిపోయాడు. 680-681లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ క్రీస్తుకు రెండు చిత్తాలున్నాయని, మానవ చిత్తం దైవ చిత్తానికి లోబడిందని తేల్చింది.

తాగుడు మానాలని రోజూ టెన్షన్‌తో పెనుగులాడే మనిషి చర్చికొస్తే "నీకు విశ్వాసం చాలదు" అనేస్తున్నాం, శోధన రావడమే పాపమైనట్టు. కానీ శోధన కోసం యేసును అరణ్యంలోకి తీసుకెళ్లింది దేవుని ఆత్మే అని అదే అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది.