పెసరట్టుకు ఒక రోజు కావాలి, అది ఫిబ్రవరిలోనే రావాలి

దోశకు మార్చి 3. ఇడ్లీకి మార్చి 30. బిర్యానీకి జూలై మొదటి ఆదివారం. సమోసాకు సెప్టెంబర్ 5, సరిగ్గా గురుపూజోత్సవం నాడే. ఏడాది పొడవునా ఏదో ఒక తినుబండారానికి ఒక రోజు తగులుతూనే ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వస్తుంది. మధ్యాహ్నానికి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో గుంటూరు బ్రాడీపేటలోనో ఏదో హోటల్ ముందు రాయితీ బోర్డు వెలుస్తుంది. సాయంత్రానికి అందరూ మర్చిపోతారు. తిండి సంగతి ఇంత బాగా తెలిసిన ఊళ్లలో ఈ సరదా ఇంత పేలవంగా జరుగుతోందంటే తప్పు తేదీల్లో ఉంది. ఆ వారం బజారుకు ఏ పంట వస్తుందో చూసి పెట్టిన రోజు ఏటేటా నిలుస్తుంది. క్యాలెండర్‌లో ఖాళీ చూసి పెట్టింది ఫోన్‌లోనే ముగిసిపోతుంది.

టీ సంగతి చూడండి. తేయాకు పండించే దేశాల కార్మిక సంఘాలు 2005 నుంచి డిసెంబర్ 15న టీ దినోత్సవం జరుపుకునేవి. తర్వాత మన దేశం చొరవ తీసుకుంటే ఐక్యరాజ్యసమితి 2019లో మే 21ని ఖరారు చేసింది. కారణం సూటిగా ఉంది: చాలా దేశాల్లో మేలురకం తేయాకు కోత మొదలయ్యేది మే నెలలోనే. కాఫీదీ అంతే. కాఫీ వ్యాపారంలో కొత్త ఏడాది లెక్క అక్టోబర్ 1న మొదలవుతుంది. అంతర్జాతీయ కాఫీ సంస్థ 2015లో మొదటి కాఫీ దినోత్సవం జరిపింది ఆ తేదీనే.

ఐస్‌క్రీమ్ తేదీ కూడా పుట్టిన చోట చక్కగా అమరింది. అమెరికా అధ్యక్షుడు రీగన్ 1984లో జూలైని ఐస్‌క్రీమ్ నెలగా ప్రకటించారు, మూడో ఆదివారం ఐస్‌క్రీమ్ దినం అయింది. అక్కడ జూలై అంటే నడి వేసవి. మనకు అప్పటికి వానలు పడి, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు మీదకు మనసు పోతుంది. బెజవాడలో ఐస్‌క్రీమ్‌కు రోజు పెట్టాలంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మే ఆఖరి వారంలో పెట్టాలి. అమెరికా తేదీని యథాతథంగా తెచ్చుకుని ముసురులో ఐస్‌క్రీమ్ పండుగ చేసుకుంటే ఎవరికి సరదా?

అన్నిటికీ పంటే ఆధారం కావాలని లేదు, ఒక పని ఉన్నా చాలు. అమెరికాలో జూన్ మొదటి శుక్రవారం జరిగే డోనట్ దినాన్ని 1938లో షికాగోలో సాల్వేషన్ ఆర్మీ మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో సైనికులకు డోనట్లు వేయించి పెట్టిన మహిళలను తలచుకోవడానికి, బీదలకు చందాలు పోగుచేయడానికి ఆ రోజు పుట్టింది. మన పక్కనే చెన్నైలో ఇడ్లీల వ్యాపారి ఇనియవన్ చొరవతో 2015లో ఇడ్లీ దినోత్సవం మొదలైంది. బిర్యానీ రోజును 2022లో ఒక బాస్మతి బియ్యం కంపెనీ తెచ్చింది. గుడ్డు దినోత్సవాన్ని 1996లో వియన్నాలో గుడ్ల పరిశ్రమ ప్రతినిధులే పెట్టుకున్నారు. వ్యాపారులు పెట్టినంత మాత్రాన రోజు చెడిపోదు. కానీ వీటిలో ఏదో ఒకదానికి 'ఐక్యరాజ్యసమితి ప్రకటించింది' అని తోక తగిలించి పంపేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. ముందుకు పంపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరు పెట్టారు? ఆ తేదీయే ఎందుకు? రెండో ప్రశ్న దగ్గర చాలా సందేశాలు కూలిపోతాయి. జూలై 7న వచ్చే చాక్లెట్ దినోత్సవమే తీసుకోండి. 1550లో అదే రోజు చాక్లెట్ ఐరోపాలో అడుగుపెట్టిందని చెబుతారు. గ్వాటెమాలా నుంచి మాయా పెద్దలు స్పెయిన్ యువరాజు ఫిలిప్ కొలువుకు చాక్లెట్ తీసుకెళ్లినట్టు 1544 నాటికే నమోదై ఉంది.

తేదీకీ తిండికీ ముడి వేయడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉగాది పచ్చడిలో పడే వేపపూత, పులుపెక్కిన మామిడికాయ, కొత్త చింతపండు ఆ రోజుల్లోనే చేతికొస్తాయి. నెల ముందు వేపకు పూత ఉండదు, నెల తర్వాత రాలిపోయి ఉంటుంది. ఎండ ముదిరే వేళకు శ్రీరామనవమి పానకం వస్తుంది. లీటరు నీళ్లకు పావు కిలో బెల్లం, అర చెంచా మిరియాల పొడి, నాలుగు యాలకులు చాలు. విజయవాడకూ గుంటూరుకూ మధ్యలో ఉన్న మంగళగిరిలో అయితే పానకాల స్వామికి ఏడాదంతా పానకమే. భక్తులు తెచ్చిన దాంట్లో సగం స్వామి నోట పోసి మిగతా సగం తిరిగి ఇస్తారు. తొలి ఏకాదశికి పేలపిండి, అట్లతద్దికి అట్లు, నాగుల చవితికి చిమ్మిలి, కనుమ నాడు మినుము. వీటిలో ఏదీ ఒక్క ఏడాది కూడా మరుగున పడలేదు. ఆ రోజు చేతులతో చేయాల్సిన పని ఒకటి ఉంది కాబట్టే నిలిచాయి.

ఇన్ని ఉన్నా మన పెసరట్టుకు మాత్రం రోజు లేదు. దానికి ఫిబ్రవరిని మించిన నెల దొరకదు.

కృష్ణా డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే, నిలబడి ఉన్న వరిలోనే మినుములు, పెసలు చల్లుతారు. వరి కోశాక నేలలో మిగిలిన తడితోనే ఆ పైరు ఎదుగుతుంది. పెసర 65 నుంచి 75 రోజుల్లో చేతికి వస్తుంది. ఇప్పుడు గుంటూరు వైపు చాలా చేలలోకి మొక్కజొన్న వచ్చేసినా, పెసర వేసిన చోట ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి దాకా కొత్త గింజ దిగుతుంది. ఐక్యరాజ్యసమితి 2018లో పప్పుధాన్యాల దినోత్సవంగా ఎంచుకున్న తేదీ కూడా ఫిబ్రవరి 10. పప్పుధాన్యాల్లో పెసలూ ఉన్నాయి. అయితే 10వ తేదీ మనకు కాస్త తొందర, పైగా పని రోజున పడితే ఎవరూ పెనం దగ్గర నిలబడలేరు. ఫిబ్రవరి చివరి ఆదివారం అనుకుంటే గింజా ఉంటుంది, జనమూ ఉంటారు. ఐస్‌క్రీమ్, గుడ్డు రోజులు వారాన్ని బట్టి కదిలేవే, మన పండుగలు తిథిని బట్టి కదిలేవే. కాబట్టి స్థిరమైన తేదీ లేదని బెంగ అక్కర్లేదు.

కొత్త పెసలకు ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పాత సరుకులో ఎంతసేపు నానబెట్టినా మెత్తబడని రాతి గింజలు ఎక్కువగా ఉంటాయి. అవి రుబ్బులో నలగక అట్టులో పంటికి తగులుతాయి. పుచ్చులు నీళ్లలో పైకి తేలతాయి, వాటిని వంచేయాలి.

ఇక అరవై మంది ఉన్న అపార్ట్‌మెంట్‌కు లెక్క. మనిషికి రెండు చొప్పున 120 అట్లు. కిలో పెసలకు సుమారు 30 అట్లు వస్తాయి, అంటే నాలుగు కిలోలు. కిలోకు 100 గ్రాముల బియ్యం, 60 గ్రాముల అల్లం, పదిహేను ఇరవై పచ్చిమిర్చి, రెండు చెంచాల జీలకర్ర, 35 గ్రాముల ఉప్పు. బియ్యం అట్టును కరకరలాడించడానికే, ఎక్కువైతే అట్టు అప్పడంలా విరుగుతుంది. రాత్రి 11కి నానబోస్తే తెల్లారి 5కి ఆరు గంటలవుతుంది, అది చాలు. పది గంటలు దాటితే మొలక తొంగిచూసి పిండి జిగటగా మారుతుంది. రుబ్బేటప్పుడు కిలో గింజకు ముప్పావు లీటరుకు మించి నీళ్లు పోయకూడదు. పిండిని రెండు వేళ్ల మధ్య రుద్దితే సన్న రవ్వలా తగలాలి. మరీ మెత్తగా రుబ్బితే అట్టు పెనానికి అంటుకుని మెత్తటి రొట్టెలా లేస్తుంది.

దోశ చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: పెసర పిండిని పులియనివ్వకూడదు. రుబ్బిన రెండు గంటలకే నురగ కట్టి, పులుపు తిరిగి, ఆ పచ్చదనం పోతుంది. అందుకని నాలుగు కిలోలూ ఒకేసారి రుబ్బకుండా, సగం ఏడింటికి, సగం ఎనిమిదిన్నరకు రుబ్బుకోవాలి.

పెనం ఇనపదైతే మంచిది. కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్ది, నీళ్లు చల్లి చూడాలి. చుక్క చుయ్‌మని వెంటనే ఆవిరైతే వేడి సరిపోయినట్టు. చుక్కలు పూసల్లా ఉరుకుతుంటే పెనం మండిపోతోందన్నమాట, అప్పుడు పిండి పరుచుకోకుండా గరిటె వెంటే లేచి వస్తుంది. మరో రెండు గుప్పిళ్ల నీళ్లు చల్లి తుడిచి, సెగ తగ్గించి, నడిమి నుంచి అంచుకు పలుచగా తిప్పాలి. సన్నగా తరిగిన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కాస్త జీలకర్ర చల్లి అట్లకాడతో మెల్లగా అదమాలి. అంచుల వెంట చెంచాడు నూనె. తిరగేయక్కర్లేదు. మూడు నిమిషాల్లోపు అంచులు వాటంతట అవే లేస్తాయి. అప్పుడు మధ్యలో ఉప్మా పెట్టి మడవాలి. ఉప్మాకు రెండు కిలోల బొంబాయి రవ్వ, ఆరు లీటర్ల నీళ్లు. అట్టుకు 60 గ్రాములు పెడితే 120కి సరిపోతుంది. ఉప్మా జారుగా ఉండాలి, గట్టిగా ముద్ద కడితే మడతలో అట్టు చిరుగుతుంది.

ఇలాంటి కార్యక్రమాలు రుచి దగ్గర కన్నా వరస దగ్గర ఎక్కువగా దెబ్బతింటాయి. ఒక్క పెనం మీద గంటకు 20 అట్లే. 120 పోయడానికి ఆరు గంటలు పడుతుంది, పిల్లలు ఆకలికి బిస్కెట్లు తిని వెళ్లిపోతారు. నాలుగేసి అట్లు పట్టే హోటల్ పెనాన్ని అద్దెకు తెచ్చుకుంటే గంటన్నరలో అయిపోతుంది. ఒకరు పోయాలి, ఒకరు ఉల్లి చల్లి నూనె వేయాలి, ఒకరు ఉప్మా పెట్టి మడవాలి. ముగ్గురి పనీ ఒక్కరికే అప్పగిస్తే రెండో వాయికే ఒక మూల మాడుతుంది.

అల్లం పచ్చడి ముందు రోజే చేసి పెట్టుకోవాలి, మర్నాటికి రుచి కుదురుకుంటుంది. అల్లం ఎంతో చింతపండు అంత, బెల్లం దానికి ఒకటిన్నర రెట్లు, ఎండుమిర్చి కారం చూసుకుని. అల్లం ముక్కలను నూనెలో తడి ఆరేదాకా వేయించాలి. తక్కువ వేగితే పచ్చి వాసన, ఎర్రబడితే చేదు. పీచు ముదిరిన అల్లం వద్దు.

ఇక క్విజ్. ఫోన్‌లో వెతికితే దొరికే ప్రశ్నలు వేయడం దండగ, జవాబు అందరి కళ్లముందే తేలాలి. శనివారం రాత్రి 100 గ్రాముల పెసలు తూచి ఒక గిన్నెలో నానబోయండి. తెల్లారేసరికి ఎంత తూగుతాయో అందరూ చీటీల మీద రాసి డబ్బాలో వేయాలి. ఉదయం నీళ్లు వంచి, గుడ్డ మీద ఆరనిచ్చి తూస్తే సుమారు రెండు వందలు, ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఎక్కువమంది నూట ముప్పై దగ్గరే ఆగిపోతారు. ఆ తూకం చుట్టూ చేరిన గుంపులో వచ్చే నవ్వు వాట్సాప్ బొమ్మకు రాదు.

గుంటూరులో అయితే మిర్చి ప్రశ్న తప్పనిసరి. కారం ఎక్కడ ఉంటుంది? గింజల్లో అని పదిమందిలో ఎనిమిదిమంది అంటారు. నిజానికి గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి పొరలో ఉంటుంది, దానికి రాసుకునే గింజలకు ఆ ఘాటు అంటుతుంది. నిలువుగా చీల్చి, పొరకు తగలని కొస ముక్క ఒకటి, పొరతో ఉన్న ముక్క ఒకటి రవ్వంత నాలికకు తగిలిస్తే తేడా తెలిసిపోతుంది. పక్కన మజ్జిగ ఉంచండి. ఆ ఘాటు పదార్థం కొవ్వులో కరుగుతుంది, నీటిలో కరగదు, అందుకే మంచినీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది. ఈ పరీక్ష పెద్దవాళ్లకు మాత్రమే.

పిల్లలకు పొడుపు కథలు వేయండి. 'చిటారు కొమ్మన మిఠాయి పొట్లం' అంటే తేనెపట్టు అని ఈ కాలం పిల్లలు వెంటనే చెప్పలేకపోవచ్చు. 'పచ్చపచ్చని తల్లి, పసిడి పిల్లల తల్లి' అంటే పనసపండు అని చెప్పడానికి ఎవరో ఒక అమ్మమ్మ వరసలోంచి ముందుకొస్తారు.

పదకొండు దాటాక పిండి మిగిలితే అట్లు పోయడం ఆపేయాలి, అప్పటికి అది పులుపు తిరుగుతుంటుంది. కిలో పిండికి 100 గ్రాముల బియ్యప్పిండి, తరిగిన ఉల్లి, కరివేపాకు కలిపి పునుగులు వేయండి. నూనె మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతాయి, కాబట్టి మధ్యస్థపు సెగ మీద వేయించి, మిగిలిన అల్లం పచ్చడితో ఆ పూటే తినేయాలి.